సాయంత్రం దాకా సత్యవతి

"పేరు చెప్పండి."

"మంగాయమ్మండి."

మాధురి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "కాదు పిన్నిగారూ. ఇందాకే కదా అనుకున్నాం."

"అయ్యబాబోయ్, మర్చిపోయేనండి. సత్తెవతండి. సత్తెవతి."

"జబ్బేంటి?"

"ఆయాసమండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎప్పుట్నించోనండి... కాదు కాదు, మూడ్రోజుల్నించండి."

పక్కన ఎనిమిదో నెంబరు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న దానమ్మ పకపకా నవ్వింది. "నీ మొగుడి పేరు చెప్పమంటే సిగ్గుపడేదానివి. ఇప్పుడు నీ పేరే చెప్పలేకపోతన్నావేంటే. నన్నడగండి అమ్మాయిగోరూ. పేరు నాగరత్నం, జబ్బు కడుపులో నొప్పి. ఒక్కపాలి చెప్తే చాలు, మళ్ళీ తప్పు పోను."

"నీకేటే, పుట్టినకాడ్నించీ అబద్దాలే గదా" అంది మంగాయమ్మ.

వార్డులో ఆడవాళ్ళంతా నవ్వారు. మాధురికి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే రెండో జడ అల్లడం మొదలుపెట్టింది. మంచం పట్టిన మనిషికి తల దువ్వడం నర్సింగు చదువులో ఒక పాఠం. పడుకున్నప్పుడు ముడి ఒత్తుకోకుండా జుట్టును రెండు పాయలు చేసి, చెవుల పక్కనుంచి జడలు వెయ్యాలి. నెరిసిన తలకు రెండు జడలు వేస్తే మంగాయమ్మ బడికి బయల్దేరిన పిల్లలా ఉంది.

ఆవేళ తనిఖీ. అమలాపురం ఊరి బయట కాలువ గట్టున ఉన్న ఆ ఆసుపత్రికి, వంద పడకల ఆసుపత్రి అని పెద్ద బోర్డుంది. మంచాలు వంద ఉన్న మాట నిజమే, లేవంటే కళ్ళు పోతాయి. అందులో సగం ఆ వారమే రావులపాలెం నుంచి లారీలో దిగాయి. లేనిదల్లా వాటి మీద పడుకోవడానికి జబ్బు మనుషులు. మామూలు రోజుల్లో ఏడెనిమిదిమంది ఉంటే గొప్ప. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో నడిచే నర్సింగు స్కూలుకి గుర్తింపు నిలవాలంటే, పిల్లలు పని నేర్చుకోవడానికి చాలినంతమంది రోగులున్నారని హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు చూపించాలి. అదెంత భాగ్యం. పెళ్ళికి కుర్చీలూ షామియానాలూ అద్దెకు తేవడం లేదా. మంచాలు లారీలో వచ్చాయి. రోగులు, కూలి మనుషుల్ని కుదిర్చే అబ్బులు ఆటోలో విడతలుగా వచ్చారు.

వాళ్ళ పేర్లూ జబ్బులూ ఆఫీసులో ముందే రాసి ఉంచారు. మూడు రోజులుగా మందులిస్తున్నట్టు కూడా రాశారు. రాసిన పేర్లకు మనుషుల్ని సరిపెట్టడమే మిగిలింది. ఏడో నెంబరుకు సత్యవతి, ఆయాసం. ఆ మంచం దగ్గర నిలబడిన మంగాయమ్మ ఆ పూటకు సత్యవతి అయింది. ఆ మాట కూడా మొహమాటం లేకుండా అబ్బులే చెప్పాడు, ఆటోలోంచి దించుతూ. "సాయంత్రం దాకా మీరు మీరు కాదు. అలా ఉంటేనే కూలి. ఎవరు నోరు జారినా అందరికీ పోద్ది."

వాళ్ళంతా ఉప్పలగుప్తం వైపు రొయ్యల షెడ్డులో పనిచేసే మనుషులు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, నిలబడి, రొయ్యల తలలు తీస్తారు. రోజంతా తీస్తే నలభై రూపాయలు. ఆ శ్రావణంలో చెరువులకు తెగులొచ్చి రొయ్య అంతా చచ్చి తేలిపోయింది. షెడ్డు మూతపడింది. అలాంటప్పుడు అబ్బులు వచ్చి, అరవై రూపాయలూ మధ్యాహ్నం భోజనమూ, చెయ్యాల్సిన పని పడుకోవడం అని చెబితే ఎవరు కాదంటారు. పుట్టి బుద్ధెరిగాక పగటిపూట పడుకున్నందుకు మంగాయమ్మకు ఎవరూ డబ్బిచ్చింది లేదు.

"మీకు పిల్లలెంతమంది పిన్నిగారూ?" జడ కొసకు రిబ్బను కడుతూ అడిగింది మాధురి.

"ఒక్కత్తేనండి. సుందరి. కువైట్లో ఓరింట్లో పనికుంది. అచ్చం మీలాగే పొడుగండి." అంటూ మంగాయమ్మ తల తిప్పి చూసింది. "దాన్నొదిలిపెట్టరండి ఆళ్ళు. దాని బాబు పోయినప్పుడు ఫోనులో ఒకటే ఏడుపు. ఆ ఇంటాయన నమ్మలేదంటండి. చచ్చిపోయినట్టు కాయితం పంపిత్తేనే టిక్కెట్టు తీత్తానన్నాడంట. మేం ఆపీసుల సుట్టూ తిరిగి పంపేతలికి పెద్దకర్మ కూడా అయిపోయింది. వచ్చి ఏం చూత్తాది, గోడకున్న పొటో చూసి ఎల్లిపోయింది."

మాధురి రిబ్బను ముడి బిగించింది. అలాంటి మాటలకు ఏమనాలో మూడేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు.

అసలు ఆ చదువే అంతంతమాత్రం. మాధురిది కె.గంగవరం. తండ్రి కుమారస్వామి చెట్లెక్కి కాయలు కోసే దింపు కార్మికుడు. కొబ్బరిచెట్టు మీదనుంచి పడి నడుం విరిగి మంచాన పడ్డాడు. కాకినాడ పెద్దాసుపత్రిలో ఒక నర్సమ్మ, వీపు పుళ్ళు పడకుండా మనిషిని ఎలా ఒత్తిగిలించాలో పదో తరగతి పిల్లయిన మాధురికి దగ్గరుండి నేర్పింది. పక్కమీద దుప్పటి మడతపడితే అదే పుండవుతుందని చెప్పింది. ఆ చేతుల్ని చూసే మాధురి ఈ చదువుకు వచ్చింది. వచ్చాక ఆ చేతులకు ఇక్కడ పని లేదు. రోగులు లేక పిల్లలు ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని నాడి చూడటం నేర్చుకున్నారు. ఎదురుగా కూర్చునే గాయత్రి నాడి మాధురికి నిద్రలో కూడా తెలుసు. నిక్షేపంగా, గడియారంలా కొట్టుకుంటుంది. మిగతా పనులన్నిటికీ ఒక రబ్బరు బొమ్మ ఉండేది. దానికి పిల్లలు బావగారని పేరు పెట్టుకున్నారు. స్నానం చేయించినా, ఎనిమా ఇచ్చినా, గుండె నొక్కినా బావగారు కిక్కురుమనడు.

అందుకే ఆవేళ ఒక నిజం మనిషి చెయ్యి దొరికితే మాధురికి సరదా వేసింది. తల దువ్వడం అయ్యాక, "ఏదీ, చెయ్యివ్వండి" అని మంగాయమ్మ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించింది.

నాడి అందలేదు. కొంచెం వెతికితే అందింది. చిన్నగా, తొందరగా కొట్టుకుంటోంది. మధ్యలో ఒకటి తప్పింది. మళ్ళీ కొట్టుకుని మళ్ళీ తప్పింది. మాధురి తన వేళ్ళదే తప్పనుకుంది. గాయత్రి నాడి ఎన్నడూ ఇలా లేదు మరి. చెయ్యి మార్చి చూసింది. రెండో చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"మీకు ఎలా ఉంది పిన్నిగారూ? నిజంగా అడుగుతున్నాను."

"బానే ఉందండి. పొద్దున్నించీ ఇక్కడ బరువుగా ఉంది, అంతే." మంగాయమ్మ రొమ్ము మధ్య చెయ్యి పెట్టింది. "గ్యాసనుకుంటానండి. ఎడం చెయ్యి లాగుతాంది. రొయ్యల పనోళ్ళకి చేతులు లాగడం మామూలే గదండీ."

మాధురి ఆ చెయ్యి మంచం మీద పెట్టి లేచింది. దుప్పట్ల మూలలు సర్దిస్తూ తిరుగుతున్న ప్రిన్సిపాలు అమృతవల్లి గారి దగ్గరికి పరుగెత్తింది. "మేడమ్, ఏడో నెంబరావిడకి ఒంట్లో బాగోలేదండి. చెమటలు పడుతున్నాయి. నాడి తప్పుతోందండి."

అమృతవల్లి గారు దుప్పటి వదల్లేదు. "ఆవిడకేం జబ్బు రాసేం?"

"ఆయాసమండి."

"మంచిదేగా. బాగా చేస్తోందన్నమాట."

"చెయ్యడం కాదు మేడమ్, నిజంగానే..."

"మాధురీ." ఆవిడ నడుం నిటారు చేసుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "వాళ్ళు కూలికొచ్చిన మనుషులమ్మా. పోయినేడు ఒకావిడ మూర్ఛ తెచ్చుకుంది. మేమంతా హడలిపోయేం. తీరా చూస్తే ఇంకో ఇరవై ఇస్తేగానీ లేవనంది. నేను మోసపోయేనని నువ్వూ మోసపోకు. వెళ్ళి నీ మంచం దగ్గర నిలబడు, కారు వచ్చేసింది."

అమృతవల్లి గారు చెడ్డ మనిషేం కాదు. ఒకప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పేరున్న నర్సే. రెండేళ్ళుగా అద్దె రోగుల్ని చూసి చూసి, మూలుగు వినగానే వేషమనుకునే అలవాటు పడిపోయింది. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి అంతకంటే పెద్ద జబ్బు లేదు.

మాధురి తిరిగొచ్చి మంచం పక్కన నిలబడింది. ఆవిడ అన్నదే నిజమేమోనని కూడా అనిపించింది. మూడేళ్ళుగా బొమ్మ గుండె నొక్కిన పిల్లకు తన వేళ్ళ మీద ఏపాటి నమ్మకం ఉంటుంది.

తనిఖీకి వచ్చిన కమలాంబ గారు తెల్లటి గంజిచీర, వెండి ఫ్రేము కళ్ళజోడు. ఆవిడ పక్కనే ఆసుపత్రి యజమాని డాక్టరు ఉదయభాస్కర్ గారు, చేతులు కట్టుకుని పెళ్ళికూతురు తండ్రిలా నడుస్తున్నారు. ప్రతి మంచం దగ్గరా ఒక మూడో ఏడు పిల్ల నిలబడి ఉంది. ప్రతి పిల్లనూ కమలాంబ గారు ఒక ప్రశ్న అడుగుతున్నారు, లేదా ఒక పని చేసి చూపించమంటున్నారు. ఒకతె పక్క మార్చింది. ఒకతె బీపీ చూసింది. పై అంతస్తు నుంచి పులస పులుసు వాసన వార్డులోకి దిగుతోంది.

ఏడో నెంబరు దగ్గర ఆగారు. "ఈ పేషెంటు గురించి చెప్పమ్మా."

"పేరు సత్యవతి అండి. వయసు యాభై. ఆయాసంతో మూడు రోజుల క్రితం చేరారండి."

కమలాంబ గారు మంచం మీదికి వంగారు. "ఏమ్మా, ఎలా ఉంది?"

మంగాయమ్మ మొహమంతా చెమట. రెండు జడలూ మెడకు అతుక్కుపోయాయి. పెదవులు నల్లబడ్డాయి. అయినా దిండు మీద నుంచి తల కొంచెం ఎత్తి, అడిగిందీ అడగందీ అంతా ఒక్క గుక్కలో అప్పజెప్పింది.

"నా పేరు సత్తెవతండి. ఆయాసమండి. మూడ్రోజుల్నించండి. ఇక్కడ బాగా చూత్తన్నారండి."

ఎనిమిదో మంచం మీద దానమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. మంగాయమ్మ ఇంత బాగా చేస్తుందని తను అనుకోలేదు. గుమ్మం దగ్గర అబ్బులు కూడా మెచ్చుకోలుగా తలాడించాడు. ఇదీ ఆ వార్డు ఘోరం. ఒక మనిషి చచ్చిపోతూ ఉంటే చూసినవాళ్ళందరికీ ముచ్చటేసింది.

"ఆయాసం మనిషికి మొదట ఏం చేస్తావు?" అడిగారు కమలాంబ గారు.

మాధురి మంగాయమ్మ మణికట్టు పట్టుకుంది. "మేడమ్, ఈవిడకి చెమటలు పడుతున్నాయండి. ఎడం చెయ్యి లాగుతోందన్నారు. నాడి తప్పుతోందండి. ఇది ఆయాసం కాదేమోనండి. గుండెపోటేమోనండి."

అమృతవల్లి గారు దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది. ఉదయభాస్కర్ గారు మాత్రం హాయిగా నవ్వారు. "మూడో ఏడు పిల్లలతో ఇదే తంటా మేడమ్. పొద్దున్న పుస్తకంలో ఏ జబ్బు చదివితే సాయంత్రానికి అది ఎవరికో ఒకరికి అంటగడతారు. నేను పొద్దున్నే చూసేను ఈవిణ్ణి. ఆయాసమే."

కమలాంబ గారు కూడా చిన్నగా నవ్వారు. "డాక్టరు గారు రాసిన జబ్బుకి నీ సేవ ఏమిటో చెప్పమ్మా. అదే మన పని."

మాధురి చుట్టూ చూసింది. గాయత్రి కళ్ళు బతిమాలుతున్నాయి. వద్దే, వద్దే అంటున్నాయి. గుర్తింపు పోతే నలభైమంది పిల్లల మూడేళ్ళూ నీళ్ళపాలు. అందరి అసలు సర్టిఫికెట్లూ డాక్టరు గారి బీరువాలో ఉన్నాయి. కె.గంగవరంలో మంచం మీద తండ్రి, ఇంకో ఆరు నెలల్లో కూతురికి ఉద్యోగమొస్తుందని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. అవన్నీ ఒక పక్క. తన మూడు వేళ్ళ కింద అందీ అందని నాడి ఒక పక్క. ఆ వేళ్ళ మీద నమ్మకం లేకపోయింది పిల్లకి. అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"మనిషిని కూర్చోబెట్టి కొంచెం ముందుకు వాల్చాలండి. ఒళ్ళో దిండు పెట్టాలండి. గాలి ధారాళంగా వచ్చేలా చూడాలండి. ధైర్యం చెప్పాలండి."

"చాలా బాగా చెప్పావు" అన్నారు కమలాంబ గారు.

దానమ్మ ఠక్కున నాగరత్నం అని చెప్పి, కడుపునొప్పి కూడా చక్కగా నటించింది. ఆవిడ చేతికి సూది లేకుండా ప్లాస్టరుతో అంటించిన సెలైను గొట్టాన్ని ఎవరూ పట్టుకు చూడలేదు. తనిఖీవాళ్ళు పై అంతస్తులోకి, భోజనాలకు వెళ్ళారు.

మంగాయమ్మ మాధురి చెయ్యి పట్టుకుంది. "సరిగ్గా చెప్పేనా అండీ?"

"చాలా బాగా చెప్పేరు పిన్నిగారూ." మాధురికి ఏడుపొచ్చేసింది. "ఇంక చెప్పక్కర్లేదు. ఊరికే పడుకోండి. గాయత్రీ, డాక్టరు గారిని పిలుచుకురా, పరుగెత్తు."

ఈసారి గాయత్రి కళ్ళు వద్దనలేదు. మంగాయమ్మ మొహం చూసి పరుగెత్తింది. మాధురి వార్డు మూలన ఉన్న ఆక్సిజన్ సిలిండరును దొర్లించుకొచ్చింది. నల్లటి ఒళ్ళు, తెల్లటి మెడ, కొత్త పెళ్ళికొడుకులా ఉంది. తనిఖీ కోసం రాజమండ్రి నుంచి అద్దెకు తెచ్చారు. దానికి బిగించే మీటరు తేలేదు, అది లేకపోతే గాలి రాదు. మీటరుకు వేరే అద్దె. చూడ్డానికి వచ్చేవాళ్ళు సిలిండరు చూస్తారు గానీ మీటరెవరు చూస్తారని మానేశారు. మాధురి ఆ సిలిండరు మీద అరచేత్తో కొట్టింది. దాన్ని కొడితే ఏమొస్తుంది.

భోజనాల గది గుమ్మంలో బంట్రోతు గాయత్రిని ఆపేశాడు. లోపల డాక్టరు గారు స్వయంగా పులస ముక్కలు వడ్డిస్తున్నారు. మేడమ్ గారు తింటున్నారమ్మా, ఇప్పుడు కాదు అన్నాడు. గాయత్రి గట్టిగా అరిచి పిలిచేదాకా, ఆ అరుపు విని డాక్టరు గారు చెయ్యి కడుక్కుని కిందికి దిగేదాకా, మంగాయమ్మ ఆగలేదు. కళ్ళు పైకి తేలేసింది.

మాధురి మంచం ఎక్కి మోకాళ్ళ మీద నిలబడి గుండె నొక్కింది. బావగారి రబ్బరు ఛాతీ నొక్కితే పైకి లేచి వచ్చేది. ఈ ఛాతీ కింద ఎముకలు ఉన్నాయి. ఎముకలు కలుక్కుమంటుంటే చేతులు ఆగిపోబోయాయి. ఆపకుండా నొక్కింది. ఊపిరి ఊదింది. ఆడవాళ్ళందరూ మంచాలు దిగి చుట్టూ చేరారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

ఉదయభాస్కర్ గారు వచ్చి స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఆయన చేతుల్లో ఇంకా పులుసు వాసన ఉంది. ఇంజక్షను చేశారు. మళ్ళీ విన్నారు. "అయిపోయింది" అన్నారు.

"ఓలె మంగమ్మా" అంటూ దానమ్మ గొంతెత్తింది. అబ్బులు చప్పున వచ్చి భుజం పట్టుకున్నాడు. "నోరు మూయ్. పైన ఆళ్ళున్నారు. సాయంత్రం దాకా సత్తెవతే. ఆ పేరెత్తేవంటే ఈ ఇరవై మందికీ కూలి లేదు, ఇంటికి ఆటో లేదు." దానమ్మ పైట చెంగును గుప్పిట్లో కుక్కి నోట్లో దోపుకుంది. ఆ చెంగు మీదనుంచి ఏడుపు బయటికి రాకుండా కళ్ళలోంచి కారుతోంది.

"ఏడో నెంబరు సత్యవతి" అన్నారు డాక్టరు గారు అమృతవల్లి గారితో, మెల్లగా. "ఆయాసం ముదిరింది. పోయింది. ఆసుపత్రన్నాక పోతూ ఉంటారు. ఆ పేరు మీదే కాయితాలు రాయించండి. ఊళ్ళో వాళ్ళకి నేనేదో సర్దుతాను."

అమృతవల్లి గారు మంగాయమ్మ కాళ్ళ దగ్గర నిలబడిపోయింది. పొద్దున్న తను అన్న మాట ఆవిడకు గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. బాగా చేస్తోందన్నమాట అని అంది తను. కాయితం తీసుకుని రాయడానికి వెళ్ళిపోయింది.

భోజనాలు ముగించుకుని కమలాంబ గారు దిగేసరికి సంగతి తెలిసింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయ్యో పాపం. ఇందాకే మాట్లాడింది కదా." నిజంగానే బాధపడ్డారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, చదువు చెప్పే మనిషి అలవాటు కొద్దీ అన్నారు. "చనిపోయిన మనిషికి చివరి సేవ కూడా మూడో ఏడు పాఠమే. పుస్తకంలో చదవడమే గానీ చేసే అవకాశం తొందరగా రాదు. ఎవరు చేస్తారు?"

గాయత్రి తల దించుకుంది. మాధురి ముందుకొచ్చింది. "నేను చేస్తానండి."

మంచం చుట్టూ తెర లాగారు. తెర లోపల కమలాంబ గారు, అమృతవల్లి గారు, డాక్టరు గారు నిలబడ్డారు. పక్క మంచం వైపు తెర పూర్తిగా మూసుకోలేదు. అక్కడ దానమ్మ కూర్చునే ఉంది. మాధురి గోరువెచ్చటి నీళ్ళు తెప్పించింది. కనురెప్పలు మూసి తడి దూది పెట్టింది. దవడ కింద నుంచి గుడ్డ కట్టింది. మొహం, మెడ, చేతులు కడిగింది. చేతుల దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఐసుకు పగిలిన వేళ్ళు. గోళ్ళ మూలల్లో రొయ్య ముల్లు గుచ్చుకుని మానిన మచ్చలు. షెడ్డు మూసి ఇన్నాళ్ళైనా సబ్బు పెట్టి రుద్దినా ఆ చేతుల్లోంచి రొయ్యల వాసన పోలేదు. మూడేళ్ళ చదువులో మాధురి ఒక మనిషి ఒంటిని మొదటిసారి పూర్తిగా కడిగింది. కాకినాడ నర్సమ్మ చేతుల్లాగే తన చేతులు కదిలాయి. కానీ బతికుండగా ఈ చేతులు ఆవిడకేం చేశాయి, జడలు వేశాయి, అబద్ధం నేర్పాయి. ఆ ఆలోచన వచ్చాక మాధురి గుడ్డ పిండి, కడిగిన చేతుల్నే మళ్ళీ కడిగింది.

"చక్కగా చేస్తున్నావు" అన్నారు కమలాంబ గారు. "ఇప్పుడేం చెయ్యాలి?"

"మణికట్టుకి పేరు కట్టాలండి. తరవాత దుప్పటి చుట్టి, దాని మీద ఇంకో చీటీ కట్టాలండి."

"ఎందుకు?"

"ఎవరో తెలియకుండా పోకూడదండి. మనిషి మారిపోకూడదండి."

అమృతవల్లి గారు పురికొసతో కట్టిన చీటీ అందించింది. చక్కటి దస్తూరీ. సత్యవతి, యాభై, ఏడో నెంబరు. మాధురి దాన్ని అందుకుని చదివింది. కట్టలేదు.

"కట్టమ్మా" అంది అమృతవల్లి గారు.

"ఈ పేరు కట్టనండి."

అమృతవల్లి గారు దగ్గరికి జరిగి, చెవిలో చెప్పినట్టుగా బతిమాలింది. "సాయంత్రం మార్చేద్దామమ్మా. నాదీ పూచీ. వీళ్ళు కారెక్కనీ."

"సాయంత్రానికి ఈవిడెక్కడుంటారండీ?" అంది మాధురి. "సత్యవతి పోయిందని మీరు కాయితం రాస్తే, మంగాయమ్మ ఎక్కడికి పోయినట్టండి? కువైట్లో కూతురుంది. తల్లి పోయినట్టు కాయితం చూపిస్తేనే ఆ పిల్లని పంపుతారు. ఇదివరకు తండ్రి చివరిచూపుకీ అందలేదు. ఇప్పుడు తల్లి పేరు మీద కాయితమే ఉండదు."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు?" ఉదయభాస్కర్ గారి మొహంలో పెళ్ళికూతురు తండ్రి మాయమైపోయాడు. "పిల్ల కంగారు పడింది మేడమ్, మొదటిసారి శవాన్ని ముట్టుకుంది కదా. మాధురీ, బయటికి నడు. నీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో మర్చిపోయేవా?"

"మీ బీరువాలో ఉన్నాయండి. ఉండనివ్వండి."

అని కమలాంబ గారి వైపు తిరిగింది. "పొద్దున్న పేరడిగితే ఈవిడ తన పేరే చెప్పేరండి. మంగాయమ్మ అన్నారు. కాదు, సత్యవతి అనాలని తల దువ్వుతూ నేర్పింది నేనే. ఆయాసమని నేర్పిందీ నేనే. అది కాదని నాకు తెలుస్తూనే ఉంది, అయినా మీ ముందు ఆయాసానికి చెయ్యాల్సిన సేవ అప్పజెప్పేను. మీరు చాలా బాగా చెప్పేనన్నారండి."

వెండి ఫ్రేము కళ్ళజోడు వెనక కమలాంబ గారి కళ్ళు శవం మీద, రెండు జడల మీద నిలిచిపోయాయి. ఇన్ని ఊళ్ళు తిరిగిన మనిషి, ఇన్ని వార్డుల్లో తెల్లటి కొత్త దుప్పట్లు చూసిన మనిషి, ఆవిడకు ఏమీ తెలియదనుకోవడం మన అమాయకత్వం. తెలిసినా తెలియనట్టు పులుసన్నం తిని కారెక్కడం ఒక పద్ధతిగా నడిచిపోతోంది, అంతే. ఇప్పుడు దారికి అడ్డంగా ఒక పిల్ల చీటీ పట్టుకుని నిలబడింది.

మాధురి ఆ చీటీని వెనక్కి తిప్పింది. జేబులోంచి పెన్ను తీసి, మంచం పట్టీ మీద పెట్టి మంగాయమ్మ అని రాసింది. ఇంటిపేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. పొద్దుటి నుంచీ పక్కనే ఉండి, తల దువ్వి, ఇంటిపేరు అడగలేదు. ఆ జాగా ఖాళీగా వదిలి, పురికొసను చల్లబడ్డ మణికట్టుకు కట్టి ముడి వేసింది.

"ఆ అమ్మాయి మాటలు పట్టించుకోకండి మేడమ్" అంటున్నారు ఉదయభాస్కర్ గారు. "రిజిస్టరుంది. మూడు రోజుల కేసు షీటుంది. కావాలంటే పక్క పేషెంట్లని అడగండి. వాళ్ళకేం అవసరం అబద్ధమాడ్డానికి."

కమలాంబ గారు తెర పక్కకు తీశారు. ఎనిమిదో నెంబరు మంచం మీద దానమ్మ కదలకుండా కూర్చుని ఉంది. నోట్లో ఇంకా పైట చెంగు ఉంది. చేతికి అంటించిన గొట్టం ఊడిపోయి వేలాడుతోంది. గుమ్మం దగ్గర అబ్బులు. ఆ వెనక మంచాల మీద, ఇంటికి ఆటో కోసం, అరవై రూపాయల కోసం ఎదురుచూస్తున్న మిగతా ఆడవాళ్ళు.

"నీ పేరేంటమ్మా?" అడిగారు కమలాంబ గారు.

దానమ్మ చెంగు నోట్లోంచి తీసింది. అబ్బులు వైపు చూసింది. మంగాయమ్మ మణికట్టు మీద చీటీ వైపు చూసింది. పొద్దుటి నుంచి ఆ ప్రశ్నకు ఒక్కసారి కూడా తప్పు పోని మనిషి, వెంటనే జవాబు చెప్పలేకపోయింది.